కేసు నడుస్తుండగా తుపాకి ఎవరి దగ్గర వుండాలి?

తుమ్మలపల్లె: ఒక రైతు మీద కొట్లాట కేసు పడిందనుకుందాం. పోలీసులు చార్జిషీటు వేశారు. ఆయన బెయిలు మీద ఇంటికి వచ్చాడు. కోర్టులో విచారణ ఇంకా మొదలు కాలేదు. మొదలయ్యేందుకు ఎన్నేళ్లు పడుతుందో వకీలు కూడా చెప్పలేడు. ఆయన ఇంట్లో లైసెన్సు వున్న తుపాకి వుంది. తీర్పు వచ్చేదాకా దాన్ని తన దగ్గర వుంచుకోవచ్చునా?

రచ్చకట్ట మీద ఈ మాట అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "కేసు పడిందంటే తుపాకి పోయినట్లే" అనేది ఒకటి. "శిక్ష పడేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేరు" అనేది రెండోది. చట్టం చూస్తే రెండూ సరికావు. అసలు సంగతి ఈ రెండింటికీ మధ్యన వుంది. అది తెలియక నష్టపోయేది ఒక్క ముద్దాయి మాత్రమే కాదు. ఫిర్యాదు చేసినవారు, సాక్ష్యం చెప్పవలసినవారు కూడా నష్టపోతారు.

యురేనియం గని వల్ల దేశమంతటికీ పేరు తెలిసిన వూరు తుమ్మలపల్లె. అయినా ఇక్కడి జనం, చుట్టుపక్కల వేముల, పులివెందుల ప్రాంతం జనం ముఖ్యంగా వ్యవసాయం మీద బతికేవారే. శనగ, వేరుశనగ చేలు, చీనీ, అరటి తోటలు వీరి ఆస్తి. రాత్రిళ్లు తోట కాపలా, అడవిపందుల బెడద, పాత గ్రామకక్షలు అన్నీ వున్న ప్రాంతం. ఇటు పులివెందుల, అటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు కోర్టుల చుట్టూ వాయిదాలకు తిరిగే కుటుంబాలకు ఈ ప్రశ్న ఊసుపోక వేసుకునేది కాదు.

లైసెన్సు అంటే అనుమతి

మన దేశంలో తుపాకులకు సంబంధించిన చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమలులో వుంది. అంతకుముందు తెల్లదొరల కాలంలో చేసిన 1878 నాటి చట్టం వుండేది. అందులో భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కరలేదు. స్వతంత్రం వచ్చాక ఆ తేడా పోయింది గాని, లైసెన్సు మాత్రం అందరికీ తప్పనిసరి అయింది.

ఈ చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి వుంచుకోవడం నేరం. ఒక మనిషి మూడు తుపాకుల దాకా వుంచుకోవచ్చునన్న పాత నియమాన్ని 2019 డిసెంబరులో సవరించి రెండుకు తగ్గించారు. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు. లైసెన్సు లేని మామూలు తుపాకి దొరికితే పడే శిక్షను రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా చేశారు.

మన జిల్లాలో లైసెన్సు ఇచ్చే అధికారి జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. దగ్గరి పోలీసు స్టేషన్ అధికారి నుంచి రిపోర్టు తెప్పించుకున్న తర్వాతనే ఆయన నిర్ణయం చేయాలి. పంట కాపుదలకు నిజంగా అవసరమైతే గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వవలసిందిగా 13వ సెక్షన్ చెబుతున్నది. దరఖాస్తుదారుకు ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతున్నది. కాబట్టి తుపాకి పెద్ద రైతుకే చెల్లుతుందన్న మాటకు చట్టంలో తావులేదు. అయితే పంట కాపుదల లైసెన్సు వున్నంత మాత్రాన అడవిపందిని కాల్చవచ్చునని అనుకోరాదు. దానికి వన్యప్రాణి చట్టం వేరుగా వుంది, అటవీశాఖ అనుమతి వేరుగా కావాలి.

తుపాకి వుంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు. లైసెన్సు లేని తుపాకుల వాడకం మీద 2023 ఫిబ్రవరిలో ఆందోళన వెలిబుచ్చుతూ సుప్రీంకోర్టు ఈ సంగతినే గుర్తు చేసింది. అమెరికాలో ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు, మన రాజ్యాంగంలో అలాంటి హక్కు లేదు అని న్యాయమూర్తులు అన్నారు.

మరి కేసు పడితే?

ఎవరు తుపాకి వుంచుకోకూడదో 9వ సెక్షన్‌లో రాసి వుంది. 21 ఏళ్లు నిండనివారు, మతిస్థిమితం లేనివారు అందులో వున్నారు. హింసతో గాని నైతిక పతనంతో గాని కూడిన నేరానికి జైలుశిక్ష పడినవారు కూడా వున్నారు. అలాంటివారు శిక్ష ముగిసిన తర్వాత మరో అయిదేళ్లు గడిచేదాకా తుపాకి వుంచుకోరాదు. ఈ జాబితాలో "కేసు విచారణలో వున్నవారు" అన్న మాట మాత్రం లేదు. కేసు పెట్టినంత మాత్రాన మనిషి నేరస్థుడు కాడు, నేరం రుజువయ్యేదాకా నిర్దోషి కిందనే లెక్క అన్న సూత్రమే దీనికి కారణం.

అయితే అదే జాబితాలో మన పల్లెల్లో చాలామంది పట్టించుకోని ఒక అంశం వుంది. శాంతి కాపాడతాననో, సత్ప్రవర్తనతో వుంటాననో బాండు రాసి ఇవ్వాలని ఉత్తర్వు అయినవారు, ఆ బాండు గడువు వున్నంతకాలం తుపాకి వుంచుకోరాదు. దీన్నే మనవాళ్లు బైండోవర్ అంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 107, 110 సెక్షన్ల కింద వుండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 126, 129 సెక్షన్ల కింద వుంది.

అంటే చిత్రమైన సంగతి ఒకటి తేలుతున్నది. హత్యాయత్నం కేసు విచారణలో వున్న మనిషి లైసెన్సు దానంతటదే రద్దు కాదు. కాని తహసీల్దారు ముందో, ఆర్డీవో ముందో బైండోవర్ ఉత్తర్వు అయిన మనిషి మాత్రం ఆ గడువు ముగిసేదాకా తుపాకికి అనర్హుడు అవుతాడు. "బైండోవర్ కేసే కదా, సంతకం పెట్టి వచ్చేద్దాం" అని తేలికగా తీసుకునే లైసెన్సుదారులు ఈ సంగతి గమనించవలసి వుంది.

కలెక్టరు అధికారం ఎంతదాకా?

కేసు పడగానే లైసెన్సు దానంతటదే పోదు గాని, దాన్ని సస్పెండు చేసే, రద్దు చేసే అధికారం 17వ సెక్షన్ కింద కలెక్టరుకు వుంది. ఏ కారణం చేతనైనా ఆ మనిషి లైసెన్సుకు తగినవాడు కాడని తేలినా, శాంతిభద్రతలకు, ప్రజల క్షేమానికి అవసరమని తోచినా ఆ పని చేయవచ్చు. ముఖ్యమైన సంగతి దాచిపెట్టి లైసెన్సు పొందినా, లైసెన్సు షరతులు మీరినా అంతే. అయితే కారణాలు కాగితం మీద రాయాలి. లైసెన్సుదారు అడిగితే ఆ కారణాల సారాంశం అతనికి ఇవ్వాలి. కారణాలు బయటపెట్టడం ప్రజాప్రయోజనానికి విరుద్ధమని తోచినప్పుడు మాత్రమే ఇవ్వకుండా వుండవచ్చు.

ఈ అధికారం ఎంతదాకా అన్న దాని మీద దేశంలో అందరికంటే ఎక్కువగా వ్యాజ్యాలు నడిచింది అలహాబాదు హైకోర్టులో. ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు తుపాకులు చాలా ఎక్కువ కావడమే దీనికి కారణం. ఆ కోర్టు అనేక తీర్పుల్లో చెప్పిన మాట ఒక్కటే. క్రిమినల్ కేసు వుందన్న ఒక్క కారణం చాలదు. ఆ తుపాకి వల్ల శాంతికి భంగం కలుగుతుందనడానికి ఆధారం చూపాలి. ఇంతకుముందు ఆ తుపాకిని చెడుగా వాడాడా, ఎవరినైనా బెదిరించాడా, కేసు ఎలాంటిది అన్నవి చూసి రాయాలి. ముందుముందు వాడవచ్చునన్న వట్టి అనుమానం మీద లైసెన్సు తీసివేస్తే అది నిలవదు.

రెండు భయాలు

ఈ నియమం కాగితం మీద బాగానే వుంది. కక్షలున్న వూళ్లో మాత్రం దీనికి రెండు వైపులా భయం వుంది.

ఒక భయం లైసెన్సుదారుది. ఎదుటి పార్టీవారు ముందు ఒక కేసు పెట్టిస్తారు. ఆ కేసు చూపి తుపాకి పోలీసు స్టేషన్‌కు చేర్పిస్తారు. చేతిలో ఏమీ లేని మనిషి తోటకు ఒంటరిగా వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందో రాయలసీమ పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కేసు పడగానే తుపాకి పోతుందని చట్టంలో రాసివుంటే, మనిషిని నిరాయుధుణ్ని చేయడానికి దొంగకేసు ఒక్కటి చాలు.

రెండో భయం సాక్షిది. గట్టు తగాదాలో జరిగిన కొట్లాటను ఒక కూలిమనిషి చూసింది. కోర్టుకు వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాలి. ముద్దాయి బెయిలు మీద అదే వీధిలో వున్నాడు, అతని ఇంట్లో తుపాకి వుంది. అతను ఆమెను ఒక్క మాట అనవలసిన పనిలేదు. తుపాకి భుజాన వేసుకుని ఆమె ఇంటి ముందు నుంచి తోటకు నడిచిపోతే చాలు. సాక్షులు అడ్డం తిరిగి కేసులు వీగిపోయాయని మనం ఏటా వింటూనే వున్నాం. వాటిలో డబ్బుకు అమ్ముడుపోయినవారు ఎందరో, భయంతో నోరు మూసుకున్నవారు ఎందరో ఎవరు లెక్క తీశారు?

అందుకే చట్టం గుడ్డిగా ఒక పక్క మొగ్గకుండా, ఒక్కొక్క కేసునూ విడిగా చూసి కారణాలు రాయమని అధికారి మీద భారం పెట్టింది. ఆ భారాన్ని అధికారి నిజంగా మోస్తే రెండు భయాలకూ మందు వుంటుంది. పోలీసు రిపోర్టు మీద కళ్లు మూసుకుని సంతకం చేస్తే ఏదో ఒక పక్కవారికి అన్యాయం జరుగుతుంది.

దూరం సంగతి కాదు

2023 మార్చిలో పులివెందుల పట్టణంలో డబ్బు తగాదా కాల్పులదాకా వెళ్లి ఒకరు ప్రాణం కోల్పోయారు, మరొకరు గాయపడ్డారు. తుపాకి లైసెన్సులు ఎవరికి ఇస్తున్నారు, ముందు విచారణ ఎలా జరుగుతున్నది అన్న ప్రశ్న అప్పుడు జిల్లా అంతటా వినబడింది.

2024 డిసెంబరులో మరో సంఘటన అందరి నోళ్లలో నానింది. హైదరాబాదు శివార్లలో ఒక పాత్రికేయుడిపై దాడి జరిగిందని సినీనటుడు మోహన్‌బాబు మీద కేసు నమోదైంది. లైసెన్సు తుపాకులు అప్పగించవలసిందని రాచకొండ పోలీసులు ఆ కుటుంబానికి సూచించారు. ఆయన తన తుపాకిని చంద్రగిరి పోలీసు స్టేషన్‌లో అప్పగించినట్టు పత్రికల్లో వచ్చింది. అప్పటికి విచారణ జరగలేదు, నేరం రుజువు కాలేదు. అయినా ఇంట్లో తగాదాలు, బయట కేసు నడుస్తుండగా తుపాకి స్టేషన్‌లో వుండటం మేలని పోలీసులు తలచారు. తుపాకి అప్పగించడం నేరం ఒప్పుకోవడం కాదన్న సంగతి దీన్నిబట్టి గ్రహించవచ్చు.

బెయిలు, ఎన్నికలు

కలెక్టరు ఉత్తర్వు కాక తుపాకి చేయి దాటే మార్గాలు ఇంకా కొన్ని వున్నాయి. నేరంలో వాడినట్టు చెబుతున్న తుపాకిని పోలీసులు సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటారు. అది కేసు తేలేదాకా కోర్టు అధీనంలో వుంటుంది. బెయిలు ఇచ్చేటప్పుడు తుపాకి అప్పగించాలని కోర్టు షరతు పెట్టవచ్చు. ఆ షరతు మీరితే బెయిలే రద్దు కావచ్చు.

ఇక ఎన్నికలు. నోటిఫికేషన్ ముందు లైసెన్సు తుపాకుల జాబితాను పరిశీలించి, ఎవరివి జమ చేయించాలో నిర్ణయించే పని జిల్లాలో ఒక కమిటీ చేయాలని ఎన్నికల సంఘం ఆదేశం. బెయిలు మీద వున్నవారు, నేరచరిత్ర వున్నవారు, ముఖ్యంగా ఎన్నికల సమయంలో దొమ్మీ కేసుల్లో ఇరుక్కున్నవారు ఈ జాబితాలో ముందుంటారు. ఫలితాలు వెలువడిన వారం తర్వాత తుపాకులు తిరిగి ఇచ్చివేయాలి. కనుక కేసు విచారణలో వున్న లైసెన్సుదారుకు మామూలు రోజుల్లో తుపాకి వున్నా, ఎన్నికలు వస్తే స్టేషన్‌కు చేరుతుందని ముందే అనుకోవడం మంచిది.

అమెరికాలో ఎలా?

మన సీమ పిల్లలు చాలామంది అమెరికాలో వున్నారు గనుక అక్కడి సంగతి కూడా తెలుసుకోవలసినదే. అక్కడ ఆయుధం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. అయినా ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరం మోపి అభియోగం ఖాయమైన మనిషి, కేసు తేలేదాకా కొత్తగా తుపాకి కొనరాదు, పుచ్చుకోరాదు అని అక్కడి కేంద్ర చట్టం చెబుతున్నది. అప్పటికే ఇంట్లో వున్న తుపాకిని మాత్రం ఆ నిబంధన ముట్టదు. ఈ నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని 2022లో టెక్సాస్‌లో ఒక జడ్జి తీర్పు చెప్పాడు. 2025లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. తుపాకిని హక్కుగా చూసే దేశంలోనూ, అనుమతిగా చూసే దేశంలోనూ విచారణలో వున్న మనిషి విషయంలో కోర్టులు ఇంకా తర్జనభర్జన పడుతూనే వున్నాయన్నమాట.

లైసెన్సుదారు ఏం చేయాలి?

కేసు పడిన వెంటనే లైసెన్సు పుస్తకం తీసి గడువు చూసుకోవాలి. కేసు గొడవలో పడి రెన్యూవల్ మరిచిపోతే, ఇంట్లో వున్నది లైసెన్సు లేని తుపాకి అవుతుంది. అప్పుడు ఒక కేసుకు రెండు కేసులు.

మనిషిని అరెస్టు చేసి తీసుకుపోతే ఇంట్లో తుపాకి ఏం చేయాలన్నది మరో ముఖ్యమైన సంగతి. లైసెన్సు ఒక మనిషికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. మొగుడు జైల్లో వున్నాడని భార్యో, కొడుకో, జీతగాడో ఆ తుపాకి పట్టుకుని తోట కాపలాకు పోతే వారి మీద కూడా కేసు అవుతుంది. ఇంటివారు దాన్ని స్టేషన్‌లో గాని, లైసెన్సు వున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గాని జమ చేసి రసీదు తీసుకోవడం మేలు. రసీదులో తుపాకి నంబరు, తూటాల లెక్క వున్నాయో లేదో చూసుకోవాలి.

సస్పెన్షన్ ఉత్తర్వు వస్తే తుపాకిని ఆలస్యం చేయకుండా జమ చేయాలని 21వ సెక్షన్ చెబుతున్నది. దాచిపెడితే పోరాడవలసిన మంచి కేసు కూడా చెడిపోతుంది. జమ చేసిన తుపాకి యజమానిదే. లైసెన్సు తిరిగి వస్తే తీసుకోవచ్చు, లేదా లైసెన్సు వున్నవారికి అమ్ముకోవచ్చు. నిర్ణీత గడువులో ఏ సంగతీ తేల్చకపోతే ప్రభుత్వపరం కావచ్చు. లైసెన్సు సస్పెన్షన్‌లో వున్న కాలానికి మాత్రం అలా ప్రభుత్వపరం చేయరాదని అదే సెక్షన్‌లో వుంది.

షోకాజు నోటీసు వస్తే గడువు లోపల సంజాయిషీ రాసి ఇవ్వాలి. కేసు ఎలా పడిందో, తుపాకికి ఆ కేసుతో సంబంధం వుందో లేదో, ఎన్నేళ్లుగా ఏ మచ్చా లేకుండా లైసెన్సు నడిచిందో అందులో చెప్పుకోవాలి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే కారణాల నకలు అడగాలి. 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు వుంది, దానికి గడువు వుంది. అక్కడా న్యాయం దొరకకపోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. కేసు కొట్టివేసినంత మాత్రాన తుపాకి దానంతటదే ఇంటికి రాదు. తీర్పు నకలు జతచేసి కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలి.

సాక్షి, ఫిర్యాది ఏం చేయాలి?

తుపాకి చూపి బెదిరిస్తున్నారని భయం వున్నవారు నోటి మాటగా చెప్పి వూరుకోరాదు. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు అని రాసి స్టేషన్‌లో ఇవ్వాలి. అదే అర్జీ నకలు జిల్లా ఎస్పీకి, కలెక్టరుకు కూడా ఇవ్వాలి. పైన చెప్పినట్టు లైసెన్సు సస్పెండు చేయడానికి వట్టి అనుమానం చాలదు, ఆధారం కావాలి. ఆ ఆధారం తేదీతో సహా కాగితం మీద పెట్టగలిగింది భయపడిన మనిషే. బెదిరింపు బెయిలు షరతులకు విరుద్ధమైతే బెయిలు రద్దు చేయవలసిందని ప్రాసిక్యూటర్ ద్వారా కోర్టును అడగవచ్చు. సాక్షులకు రక్షణ కల్పించే పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించి దేశమంతటా అమలు చేయమన్నది. దాని కింద రక్షణ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తప్పుడు అర్జీ పెట్టి ఎదుటివాడి తుపాకి తీయించాలని చూస్తే మాత్రం, తర్వాత నిజంగా భయం కలిగిన రోజున ఆ మనిషి మాటను నమ్మేవారు వుండరు.

తుమ్మలపల్లె చుట్టుపక్కల వూళ్లలో పాత కక్షలు చాలావరకు చల్లారాయి. పిల్లలు చదువులకు, వుద్యోగాలకు వెళ్లిపోయారు. ఆ కాలపు కేసులు, ఆ కాలపు తుపాకులు మాత్రం కొన్ని ఇంకా మిగిలే వున్నాయి. కేసు త్వరగా తేలితే ఈ తుపాకి ప్రశ్నే వుండదు. తేలేదాకా దాన్ని ఎవరి దగ్గర వుంచాలో ఆలోచించి, కారణం రాసి నిర్ణయించవలసిన బాధ్యత మాత్రం అధికారులదే.